పారబోయని నీరు

మా వీధిలో వాళ్ళు నన్ను ఉద్యోగం చేసినన్నాళ్ళూ "రక్తపరీక్షల డాక్టరమ్మ" అనే పిలిచారు. పాథాలజిస్టు అంటే ఏమిటో చెప్పబోతే మధ్యలోనే, "అయితే మా ఆయనకి షుగరెంతుందో చూసి పెడతారా" అని అడిగేవాళ్ళు. చూసి పెట్టేదాన్ని. నా అసలు పని వేరు. మనిషి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను మైనంలో పొదిగి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి అందులో ఏముందో చెప్పాలి. క్యాన్సరా కాదా, అయితే ఏ రకం. ముఖాలన్నీ పైన వార్డులో ఉండేవి. కింద నా దగ్గరకు నంబర్లు వచ్చేవి.

ఈ మధ్య గుంటూరులో చదువుకుంటున్న పిల్లలు కొందరు, మా శాఖలో చేరదామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళు, ఇంటికొచ్చి అడిగారు. "రోగిని చూడకుండా అన్నేళ్ళు ఎట్టా పనిచేశారు మేడం, విసుగు పుట్టలేదా?" చాలాసార్లు పుట్టింది. ఒక్కసారి మాత్రం రోగిని చూడటానికి నేనే మెట్లెక్కి వెళ్ళాను. ఆ సంగతి టీ తాగేలోపు చెప్పడం కుదరలేదు. అందుకని ఇలా రాస్తున్నాను.

నరసరావుపేటలో నేను పనిచేసిన ఆసుపత్రి పెద్దదేమీ కాదు. మాచర్ల, గురజాల, శావల్యాపురం వైపుల నుంచి బస్సుల్లో జనం వచ్చేవారు. మా ల్యాబు మెట్ల పక్కన, కింది అంతస్తులో ఉండేది. ఎండాకాలం కరిగిన మైనం వాసనా, రసాయనాల ఘాటూ కలిసి తలుపు తీయగానే ముక్కుకు కొట్టేవి. అయినా ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు మా టెక్నీషియన్. ఎడ్లపాడు నుంచి రోజూ మొదటి బస్సుకి వచ్చే మనిషి. మైనం దిమ్మను యంత్రం మీద పెట్టి పొరలు కోసేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు. గాలి తగిలితే ఆ పొర ఎటు ఎగిరిపోతుందో తెలియదు. కరెంటు పోతే ఆసుపత్రంతా తిట్టుకుంటుంటే, ఇతను మాత్రం ఫ్యాను ఆగింది గదా అని తృప్తిగా కోతకు కూర్చునేవాడు. చెమట కారి కళ్ళల్లో పడుతున్నా చేయి కదిలేది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా కరెంటు పోతే నాకు ముందు అతనే గుర్తొస్తాడు.

ఇంకొకరు మా ఛాతీ డాక్టరు గారు. పెదకూరపాడు దగ్గర రైతుల ఇంట పుట్టి, పొలంలో దూరంగా ఉన్నవాళ్ళను కేకేసే గొంతుతోనే వైద్యం చేశారు. పైన ఆయన బీడీలు కాల్చేవాళ్ళను తిడుతుంటే కింద నాకు ప్రతి మాటా వినిపించేది. మిగతా డాక్టర్లు ఫోనులో రిపోర్టు అడిగేవారు. ఈయన మాత్రం దిగి వచ్చి, ఇద్దరు చూసే వీలున్న నా మైక్రోస్కోపుకి అవతలి వైపు కటకాల దగ్గర తన కళ్ళు పెట్టి, "ఏమ్మా, ఏమంటాంది నీ గాజుపలక?" అనేవారు. అలా మా ఇద్దరికీ చాలా మధ్యాహ్నాలు గడిచాయి.

నేను మెట్లెక్కి చూడబోయిన ఆ రోగి గురించి మొదట విన్నది ఆయన నోటే.

"బట్టలు కుట్టుద్దమ్మా ఆమె. నలభై దాటినయి. బీడీ లేదు, చుట్ట లేదు, ఇంట్లో పొయ్యి కూడా గ్యాసే. ఎక్కడో ఎక్సరే చూసి టీబీ మందులిచ్చారు. నెలల తరబడి మింగింది. దగ్గు పోలేదు, ఇప్పుడు ఛాతీలో కుడి పక్క నీరు పట్టింది."

మన ప్రాంతంలో ఊపిరితిత్తిలో తెల్లటి మచ్చ కనిపిస్తే మొదట టీబీనే అనుకుంటాం. చాలాసార్లు అదే అవుతుంది కూడా. మందు పనిచేయకపోయినా అదే అనుకుంటూ కూర్చోవడంతో ఈమెకు విలువైన కాలం పోయింది. మా డాక్టరు గారు స్కానింగులో చూస్తూ సూదితో చిన్న ముక్క తీసి పంపారు. దారప్పోగంత ఉంది. చూడగానే తెలిసింది, క్యాన్సరే. అది ఊపిరితిత్తిలోనే పుట్టిందా, వేరేచోట నుంచి వచ్చిందా తేల్చడానికి ప్రత్యేకమైన రంగులు వేయాలి. ఒక్కో రంగుకీ ఒక్కో పొర కోయాలి.

ఆ తర్వాత జన్యుపరీక్షలు. పొగ తాగనివాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కొన్నింటికి, కణంలో ఏదో ఒక్క జన్యువు చెడిపోవడమే మూలం. ఆ జన్యువు ఏదో తెలిస్తే దానికి తగిన మాత్ర ఉంటుంది. సెలైను ద్వారా ఎక్కించే మందు అక్కర్లేదు. ఎక్కువగా చెడిపోయి కనిపించే జన్యువులు రెండింటిని పరీక్షించడం అప్పట్లో మా వాడుక. హైదరాబాదు పంపించాం. రెండూ మామూలుగానే ఉన్నాయని వచ్చింది. ఇంకా అరుదైనవి కొన్ని మిగిలాయి. వాటి కోసం పొరలు కోయమంటే, టెక్నీషియన్ దిమ్మను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఏం లేదు మేడం. ఇంక కోస్తే మైనమే వచ్చిద్ది."

మళ్ళీ ఊపిరితిత్తిలో సూది గుచ్చే స్థితిలో ఆమె లేదు. గుంటూరులో క్యాన్సరు డాక్టరు దగ్గర మామూలు కీమో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. రెండు విడతలకే మనిషి చిక్కిపోయింది. జుట్టు రాలింది, అన్నం సయించలేదు. అన్నిటికీ మించి ఛాతీలో నీరు ఆగలేదు. తీసిన కొద్ది రోజులకే మళ్ళీ ఊరేది. ఊపిరాడక మా ఆసుపత్రికి తీసుకొచ్చేవారు. డాక్టరు గారు వీపులోంచి గొట్టం వేసి నీరు తీసేవారు. ఆ పూటకి ఆమెకు కొంచెం గాలి ఆడేది.

ఒక మధ్యాహ్నం ఆయన నా పక్కన కూర్చుని వేరెవరిదో స్లైడు చూస్తున్నారు. ఎందుకో నోటికొచ్చి అడిగాను.

"సార్, ఆమెకి తీస్తున్న నీరు ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తారమ్మా? సింకులో పారబోస్తారు."

ఆ మాట అన్నాక ఆయనే ఆగిపోయారు. మొదటిసారి తీసిన నీరు మాత్రం మాకు పంపించారు, అందులో క్యాన్సరు కణాలు ఉన్నాయో లేదో చూడటానికి. ఉన్నాయని రాశాను. తర్వాత తీసినదంతా ఊపిరి ఆడటం కోసం తీసిందే గనక ఎవరూ ఏమీ పంపలేదు, నేనూ అడగలేదు. కానీ ఆ నీట్లో కణాలు రాలి పడుతూనే ఉంటాయి. నీటిని వేగంగా తిప్పి, అడుగున చేరిన కణాలను మైనంలో పొదిగితే అదీ ఒక ముక్కే. దాన్ని కోయవచ్చు, జన్యువులు చూడవచ్చు. ఏ పుస్తకంలో చదివినా ఉండే విషయమే. మా కళ్ళ ముందు సీసాలకు సీసాలు కాలువలోకి పోయాయి.

"మళ్ళీ ఊరిద్దిలే, రేపో ఎల్లుండో," అన్నారాయన లేస్తూ. "ఈసారి చుక్క పోనీయను."

రెండో రోజు పొద్దున ఆయన వచ్చిన నడకలోనే ఏదో తేడా కనిపించింది.

"నిన్న సాయంత్రం ఆమెని తెచ్చి చేర్చారు. ఊపిరాడట్లా. నీరు తీయించుకోనంటాంది. ఇంటికి తీసుకుపోతామని ఆమె బావగారు వ్యాను కూడా తెచ్చాడు. చెప్పి చూశా. నా మాట వినదమ్మా. గుంటూరులో మందెక్కిస్తే తేరుకుంటావని చెప్పింది నేనే గదా. నా మొహం కూడా చూడట్లా." మెట్ల వైపు చెయ్యి చూపించి అన్నారు, "నువ్వెళ్ళు."

"నేనా? నేను వెళ్ళి ఏం చెబుతాను సార్?"

"నీళ్ళు కావాల్సింది నీకు గదా. నువ్వే అడుగు."

ఏళ్ళ తరబడి ఆ ఆసుపత్రిలో పనిచేసిన దాన్ని, ఆ వార్డుకు దారి ఎటో ఆయాను అడగాల్సి వచ్చింది.

కిటికీ పక్క మంచం మీద ఆమె ముందుకు వంగి, ఒళ్ళో దిండు పెట్టుకుని, దాని మీద చేతులాన్చి కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. తలకు చుట్టుకున్న చున్నీ కింద జుట్టు లేదు. భర్త బట్టలు మడిచి సంచిలో పెడుతున్నాడు. వినుకొండ రోడ్డులో పొలం మోటార్లకు వైండింగు చేసే షాపు ఆయనది. వేళ్ళ సందుల్లో వార్నిషు మరకలు కడిగినా పోనంతగా ఇంకిపోయి ఉన్నాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దాయన భర్తకు అన్న అని తెలుస్తూనే ఉంది.

"ఎవరు మీరు?" అంది ఆమె. రెండు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగుతోంది.

"కింద ల్యాబులో పనిచేస్తాను. మీది క్యాన్సరని రాసింది నేనే."

అలా మొదలుపెట్టి ఉండకూడదు. రోగులతో మాట్లాడటం తెలియనివాళ్ళు మాట్లాడితే అలాగే ఉంటుంది. భర్త చేతిలోని బట్ట అలాగే ఆగిపోయింది. ఆమె నన్ను పైనుంచి కిందదాకా చూసింది.

"మీరేనా," అంది. "ఇప్పుడేం రాయడానికొచ్చారు?"

మంచం అంచున కూర్చున్నాను. ఛాతీలో చేరిన నీట్లో జబ్బు కణాలు ఉంటాయనీ, ఇంతవరకూ దాన్ని పారబోశామనీ, ఈసారి ఇస్తే ఇంకొన్ని జన్యువులు చూపిస్తాననీ చెప్పాను. ఏదైనా దొరికితే మింగే మాత్ర ఉంటుందన్నాను.

"దొరికిద్దా?"

"తెలియదమ్మా."

"ఎంతమందికి దొరికింది?"

"చాలా తక్కువమందికి దొరుకుతుంది. నా చేతి మీదుగా ఇంతవరకూ ఒక్కరికీ దొరకలేదు."

గుమ్మం దగ్గరున్న పెద్దాయన ముందుకొచ్చాడు. ఆయన గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ ఉంది. "ఒక్కరికీ దొరకందాని కోసం మళ్ళీ గుచ్చుతారా డాక్టరమ్మా? చూడండి ఎట్టా అయిపోయిందో మనిషి. నడిచొచ్చిన ఆడమనిషిని మంచం మీద కూర్చోబెట్టారు. ఇంక మా ఇంట్లో మేం చూసుకుంటాం, వదిలేయండి."

నేను మంచం అంచు నుంచి లేవబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆయన్ని ఆగమంది.

"టీబీ అన్నప్పుడు తగ్గిపోయిద్దన్నారు. మందు ఎక్కించేటప్పుడూ తగ్గిపోయిద్దన్నారు. చూడటానికొచ్చిన వాళ్ళు కూడా అదే మాట." ఆగింది. ఊపిరి తీసుకుంది. "తెలవదని చెప్పింది ఈమె ఒక్కతే."

తర్వాత నా వైపు తిరిగింది. "నీళ్ళు తీస్తే పడుకోగలనా?"

"రెండు మూడు రోజులు ఆయాసం తగ్గుతుంది. పడుకోవచ్చు."

"అయితే తియ్యమనండి. నడుం వాల్చి చానా రోజులైంది. ఆ నీళ్ళు మీరే పట్టకపొండి. నేనేం చేసుకుంటా వాటిని."

భర్త సంచి పక్కన పెట్టి, ఆమె వీపు వైపు వచ్చి నిలబడ్డాడు.

గొట్టం వేస్తున్నంతసేపూ నేను అక్కడే ఉన్నాను. టెక్నీషియన్ శుభ్రమైన సీసాలతో పరుగున వచ్చాడు. పల్చటి డికాషను రంగులో నీరు దిగింది. ఆ సీసాలు ఇద్దరం రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగుతుంటే, ఎదురొచ్చిన నర్సు పక్కకు ఒత్తిగిలి దారి ఇచ్చింది. ఆ నీళ్ళకు అంత మర్యాద దక్కడం ఆ ఆసుపత్రిలో అదే మొదలు.

గొట్టాల్లో పోసి తిప్పాం. మొదటిసారి అడుగున చేరింది దాదాపు ఏమీ లేదు. టెక్నీషియన్ ముఖం వాడిపోయింది. మిగిలిన నీరంతా కొంచెం కొంచెంగా తిప్పి, అడుగు మడ్డిని ఒక్కచోట చేర్చుకుంటూ వచ్చాడు. చివరికి ఆవగింజంత అయింది. దాన్ని గట్టిపరిచి, మైనంలో పొదిగి, మర్నాడు ఫ్యాను ఆపి ఊపిరి బిగబట్టి ఒక పొర కోశాడు. రంగు వేసి నాకిచ్చాడు. ఈలోపు పైనుంచి డాక్టరు గారు ఎన్నిసార్లు దిగారో లెక్కలేదు. నేను కళ్ళు పెట్టేసరికి ఆయన అవతలి కటకాల దగ్గర సిద్ధంగా ఉన్నారు. గుంపులు గుంపులుగా కనిపించాయి.

"ఉన్నాయి సార్. కావాల్సినన్ని."

"క్యాన్సరు కణాలున్నయ్యంటే సంబరపడే రోజొకటి వచ్చింది చూడు మనకి," అన్నారాయన.

హైదరాబాదు పంపించాం. అరుదైన జన్యువులన్నీ ఒకేసారి చూడమని అడిగాం. ఇక ఎదురుచూడటమే. ఆమెను ఇంటికి తీసుకెళ్ళారు. భర్త మాత్రం రెండు రోజులకొకసారి బండి మీద వచ్చి మా కిటికీ అవతల నిలబడేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు.

"ఇంకా రాలేదన్నా," అనేవాడు టెక్నీషియన్.

"దానికోసం రాలా. ఇటు పనుండి వచ్చా," అనేవాడాయన. ఆ సందులో ఆయనకు ఏ పనీ ఉండదని మా ముగ్గురికీ తెలుసు.

రిపోర్టు ఒక మధ్యాహ్నం వచ్చింది. కంప్యూటరు తెర మీద చదివాను. మళ్ళీ చదివాను. పేరు సరిపోయిందో లేదో చూశాను, నంబరు సరిపోయిందో లేదో చూశాను. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో నూటికి ఒకరిద్దరిలో మాత్రమే కనిపించే మార్పు అది. పుస్తకాల్లో చదివాను, పరీక్షల్లో రాశాను, ఎన్నడూ చూడలేదు. డాక్టరు గారికి ఫోను చేస్తే మాట పూర్తి కాకుండానే దిగి వచ్చారు. స్టూలు లాక్కుని కూర్చుని, పెదాలు కదుపుతూ తనే చదివారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తుడవాల్సింది కళ్ళజోడు కాదని తెలుస్తున్నా నేను అటు చూడలేదు.

"ఒక్కరికీ దొరకలేదని చెప్పొచ్చావు గదా ఆమెకి," అన్నారు చివరికి.

"అవును సార్."

"ఇంకెప్పుడూ ఆ మాట చెప్పబాకు."

భర్తకు విషయం చెప్పే బాధ్యత కూడా నాకే అప్పజెప్పారు. కాగితం మీద గీతలు గీశాను. రెండు జన్యువులు తెగి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుందనీ, దాంతో పెరగమనే సంకేతం కణానికి ఆగకుండా అందుతోందనీ చెప్పాను. ఆయన ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు.

"స్టార్టరులో కాంటాక్టులు అతుక్కుపోతయి మేడం ఒక్కోసారి. స్విచ్చి ఆపేసినా మోటారు తిరగతానే ఉంటది. అట్టానా?"

"అట్టాగే భాయ్."

"ఈ మాత్ర ఆ కాంటాక్టుని విడగొట్టుద్దా?"

"విడగొట్టలేదు. పనిచేయకుండా అదిమి పట్టి ఉంచుతుంది. మింగినన్నాళ్ళూ."

"మింగినన్నాళ్ళూ," అని తనూ ఒకసారి అనుకున్నాడు. "సరే మేడం. మోటారు ఆగితే చాలు."

తర్వాత ఎన్నో క్లాసుల్లో ఈ పాఠం ఆయన మాటల్లోనే చెప్పాను. నా గీతల కన్నా పిల్లలకు అదే ఎక్కింది.

ఆ మందు సంపాదించడం పెద్ద తిప్పలు. ఆ తిప్పలు గుంటూరు డాక్టరు గారు తన నెత్తిన వేసుకున్నారు. మాత్రలు మొదలుపెట్టాక కొన్ని వారాలపాటు మాకు ఏ కబురూ లేదు. డాక్టరు గారు, నేను ఆమె ఊసెత్తకుండా వేరే స్లైడులు చూసుకున్నాం. అప్పుడొక రోజు మెట్ల మీంచి ఆ పొలం గొంతు వినిపించింది.

"ఏమ్మా, ఒకసారి పైకి రా. నీళ్ళు తీద్దామంటే నీళ్ళు లేవు."

వెళ్ళేసరికి ఆమె బల్ల మీద కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉంది. ఆక్సిజన్ గొట్టం లేదు. ఎక్సరే వెలుతురులో పెట్టి ఉంది. కుడివైపు మొత్తం నల్లగా, గాలితో నిండి కనిపిస్తోంది. ఆ నలుపు చూసి ముచ్చటపడటం మా వృత్తిలో వాళ్ళకే అర్థమవుతుంది.

"పొద్దున్నే లైటేస్తే కళ్ళ ముందు మెరుపులు తిరగతన్నయి మేడం," అందామె. ఆ మందుకు అది మామూలేనని చెప్పాను. "సూదిలో దారం ఎక్కాలంటే మెరుపులు పోయేదాకా ఆగాలి, అంతేగా. ఆగుతాలే."

ఆ రోజే నాతో కిందికి దిగి వచ్చింది. తన నీళ్ళలో ఏం కనిపించిందో చూపించమంది. రోగులకు స్లైడు చూపించే అలవాటు మాకు లేదు. టెక్నీషియన్ నా వైపు చూశాడు. నేను స్లైడు పెట్టి, కటకాల ఎత్తు సరిచేసి ఇచ్చాను. ఆమె చున్నీ వెనక్కి తోసుకుని వంగింది. చాలాసేపు తల ఎత్తలేదు. ఏడుస్తోందేమో అనుకున్నాను.

"ఇదేందమ్మా," అంది చివరికి, "దీనికి పెళ్ళిచీర రంగులేసి పెట్టారు."

లేస్తూ నా రవిక చెయ్యి పట్టుకుని లాగి చూసింది. "ఇదెవరు కుట్టారు? చంక దగ్గర పట్టేసింది గదా. రేపు పంపించండి, విప్పి మళ్ళీ కుడతా." టెక్నీషియన్ ముఖం తిప్పుకుని నవ్వాడు. నేను పంపించాను. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా రవికలన్నీ ఆమె చేతి మీదుగానే వచ్చాయి.

తన కుట్టు షాపు మళ్ళీ తెరిచింది. బజారు వెనక సందులో ఆమె దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లల్ని ఆమె కసురుతుంటే వీధి చివరికి వినిపించేది. ఊపిరి ఉంటే ఇంత గొంతు ఉంటుందన్నమాట అనుకునేదాన్ని అటు వెళ్ళినప్పుడల్లా.

మా ఆసుపత్రిలో ఆమె పేరు మీద ఏదీ పెట్టలేదు గానీ, వార్డులో సింకు పైన డాక్టరు గారు తన చేతి రాతతో ఒక అట్ట కట్టారు. "కింద అడక్కుండా నీళ్ళు పారబోయొద్దు." ఆ అట్ట తడిసి చిరిగిపోతే మళ్ళీ రాసి కట్టేవారు. అందరి విషయంలో ఇలాగే జరిగిందని అనుకోకండి. మేం పంపినవాటిలో ఎక్కువ వాటికి ఏమీ లేదనే జవాబు వచ్చింది. మాచర్లలో రాళ్ళు పాలిషు పట్టే ఒకాయనకు వేరే మార్పు దొరికింది, ఆయనా కొన్నేళ్ళు నెట్టుకొచ్చాడు. గురజాల నుంచి వచ్చిన ఒక పంతులమ్మకు కూడా దొరికింది. కానీ రిపోర్టు చేతికొచ్చే సరికి ఆమె లేదు. ఆ కాగితం ఎవరికివ్వాలో తెలియక నా సొరుగులోనే ఉండిపోయింది.

ఇప్పుడు మీకు ఈ జన్యువులన్నీ మొదట్లోనే ఒకేసారి చూసే వీలుంది. రక్తంలోనే పట్టేస్తున్నారు కొన్నింటిని. మేం ఆ నీళ్ళ సీసాలను రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగిన సంగతి చెబితే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి. ఆ మెట్లు, ఆ మైనం వాసన, మైక్రోస్కోపుకి అటొకరం ఇటొకరం కూర్చున్న మధ్యాహ్నాలు నాకు మాత్రం ఇవాళ్టికీ అపురూపమే.

ఆ మాత్ర ఆమెను మూడేళ్ళు దాటి కాపాడింది. తర్వాత తలనొప్పులు మొదలయ్యాయి. జబ్బు మెదడుకు చేరింది. అప్పటికే కొత్త మాత్ర వచ్చింది, దానికి మారారు. మళ్ళీ కొన్ని నెలలు షాపుకు వెళ్ళింది. నేను రిటైరైన రోజు వచ్చి ఫోటోలో నా పక్కన నిలబడి, నా కొంగు తనే సరిచేసింది. ఆ మరుసటి వానాకాలం కొత్త మాత్ర కూడా చాలక, ఇంట్లోనే, తన మంచం మీద పోయింది. కబురు చెప్పింది టెక్నీషియన్. ఆడవాళ్ళ మధ్య కాసేపు కూర్చుని వచ్చాను. ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్లలు గోడవారగా కూర్చుని ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

కొన్ని రోజులకు భర్త మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడం, ఒక మాట. మా ఆమెది కొంచెం మీ ల్యాబులోనే ఉందంట గదా."

మైనం దిమ్మ సంగతని అర్థమైంది. వాటిని ఏళ్ళ తరబడి దాచిపెడతాం.

"మాలో ఒంట్లోది ఏదీ బయట ఉండిపోగూడదంటారు. ఇస్తే తీసకపోయి ఆమె గోరీ పక్కన మట్టిలో పెట్టేస్తా."

ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. నా కుర్చీలో ఇప్పుడు చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. నేను చెప్పింది విని, పైవాళ్ళతో మాట్లాడి, ఇవ్వొచ్చంది. టెక్నీషియన్ పాత అరల్లో వెతికి తెచ్చాడు. అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ చట్రం, అందులో మైనం, మైనంలో కనిపించీ కనిపించని బూడిదరంగు మచ్చ. రెండు చేతులతో అందించాడు.

"ఇంతేనా," అన్నాడాయన.

"ఇంతే భాయ్." చెప్పకుండా ఉండలేకపోయాను. "ఇందులో ఉన్నవి జబ్బు కణాలే."

"తెలుసు మేడం. జబ్బైనా ఆమెదే గదా."

జేబులోంచి ఉతికిన రుమాలు తీసి, నాలుగు మడతలు వేసి, అందులో చుట్టాడు. గేటు దాకా ఆయనతో నడిచాను. బండి ఎక్కి కూర్చున్నాక కూడా తాళం తిప్పలేదు. రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"ఆ నీళ్ళు ఏ పక్క తీశారు మేడం?"

"కుడి పక్క."

"కుడి పక్క," అని మెల్లగా అనుకుని, రుమాలును చొక్కా జేబులో పెట్టుకుని బండి తీశాడు.